గడువు దాటిన అవ్వ

నేను ఆ పనికి ఒప్పుకున్నానని తెలిసి మా నాయన మండిపడ్డాడు. "నర్సు పని నేర్చుకునింది తెల్లోళ్ళకు నీళ్ళు పోసేకా? మన ఊర్లో ముసిలోళ్ళు లేరా?" అన్నాడు. ముసలివాళ్ళకేం, ఉన్నారు. జీతమిచ్చేవాళ్ళే లేరు. తనకల్లు దగ్గర మాకున్న చేలో వేరుశనగ వేయడం, వాన రాక ఎండిపోవడం ఏటా చూస్తూ పెరిగినదాన్ని. అప్పటికి పుట్టపర్తిలో ఒక చిన్న క్లినిక్‌లో సూదులు వేస్తున్నాను. ఆయన వచ్చింది అక్కడికే. పొడుగ్గా, సన్నగా, గడ్డం సరిగ్గా గీసుకోని విదేశీ ముసలాయన. తన అక్కకు కాళ్ళలో బలం పోయింది, స్నానం చేయించడానికి మనిషి కావాలి అని ఇంగ్లీషులో అడిగాడు. మరుసటి వారమే చేరాను.

వీధిలో అందరూ వాళ్ళను మొగుడూపెళ్ళాలనుకునేవాళ్ళు. కాదు, అక్కాతమ్ముళ్ళు. ఎక్కడో చలిదేశం వాళ్ళది. ఆమె ఒక ఆసుపత్రిలో బట్టలుతికే విభాగానికి పెద్దగా, ఆయన ట్రాము డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. వచ్చే పింఛను అక్కడ ఇంటి అద్దెకు, హీటరుకు కూడా చాలదని, ఇక్కడైతే దొరల్లా బతకొచ్చని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది ఆమే. పదేళ్ళకు పైగా అదే మేడమీది రెండు గదుల్లో ఉంటున్నారు.

అందరూ ఆమెను అవ్వ అనేవాళ్ళు. తెలుగు కూరగాయల అంగళ్ళ దగ్గర నేర్చుకున్నదేమో, ఆడా మగా తేడా లేకుండా అందర్నీ 'ఏమప్పా' అని పిలిచేది. నేను మొదటిరోజు గుమ్మం దాటగానే, "ఏమప్పా, చేతులు కడిగినావా? యాడ, చూపీ" అంది. చూపించాను. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "సోపు చాల్లేదు. పో మళ్ళా."

నీళ్ళు కాస్త చల్లారితే చేతిమీద గిల్లేది. గిల్లిన చోట నల్లగా కమిలేది. నేను జీతానికి వచ్చినదాన్ని, తట్టుకున్నాను. తమ్ముడి సంగతి వేరు. కాఫీ పలచనయితే ఆయన చూస్తుండగానే పూలకుండీలో పోసేది. ఆయన్ను తిట్టాలనుకున్నప్పుడు తమ భాష వదిలి తెలుగులోకి వచ్చేది, నాకు అర్థం కావాలని. "ఈయప్ప ట్రాము తోలినాడంటే కింద పట్టాలుండబట్టి సరిపాయ. లేకుంటే యాడికి పోవల్లో ఈయప్పకే తెలీదు."

ఆయన నవ్వేవాడు. ఒకసారి గిన్నెలు కడుగుతూ నాతో చెప్పాడు. నడివయసులో ఒకామెను పెళ్ళి చేసుకుందామనుకున్నాడట. అక్క వెళ్ళి ఆమెతో ఏదో మాట్లాడి వచ్చిందట. ఆ తర్వాత ఆమె ఫోను కూడా ఎత్తలేదు. "ఏం చెప్పిందో నేను అడగలేదు" అన్నాడు. ఇప్పుడైనా అడగొచ్చు కదా అన్నాను. తల అడ్డంగా ఊపి, గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు.

వీసా సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళ వీసాకు కొన్ని నెలలకోసారి దేశం దాటి వెళ్ళి, మళ్ళీ రావాలి. పక్క దేశానికి పోయి నాలుగు రోజులుండి వచ్చేవాళ్ళు. కరోనా రోజుల్లో విమానాలు ఆగిపోయాయి, గడువు పొడిగించారు. పొడిగించిన గడువూ అయిపోయేసరికి అవ్వ మెట్లు దిగలేని స్థితికి వచ్చింది. ఆమెను వదిలి ఆయన కదల్లేదు. వచ్చే నెల చూద్దాం, ఎండలు తగ్గాక చూద్దాం అనుకుంటూ ఉండిపోయారు. అట్లా ఇద్దరి వీసాలూ చచ్చిపోయాయి.

అవ్వ పింఛను దాంతోపాటే ఆగింది. ఏటేటా ఒక అధికారి ముందు మనిషి కూర్చుని, పాస్‌పోర్టు చూపించి, బతికే ఉన్నానని సంతకం చేయించుకుని పంపాలి. ఆమె దిగలేదు. దిగినా పాస్‌పోర్టు చూపించడానికి ఆయనకు భయం. ఆయన ట్రాము పింఛనుకు అట్లాంటి సంతకం అక్కర్లేదు, అది మాత్రం వస్తుండేది. అవ్వ నా ఎదురుగా కూర్చుని కాళ్ళు నొక్కించుకుంటూ, "మా దేశంలో నేను సచ్చిపోయినానంట" అనేది. అది ఆమెకు తమాషాగా ఉండేది.

రంజాన్ పండగకు నేను ఊరికి పోయి మూడోరోజు తిరిగి వచ్చాను. అవ్వ మంచంమీద ఉంది. ముఖం బూడిదరంగుకు తిరిగింది. దుప్పటి తీసి చూస్తే కుడికాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. తుంటి విరిగిందని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

"ఎప్పుడు పడింది?" అన్నాను.

"నువ్వు పోయిన రోజు. బాత్‌రూములో" అన్నాడాయన.

నేను వెంటనే అంబులెన్సుకు ఫోను చేశాను. వాళ్ళు వచ్చేసరికి ఆయన మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. పొరపాటున పిలిచారు, ఎవరికీ ఏమీ కాలేదు అన్నాడు. నేను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాను. స్ట్రెచరు మోసేవాళ్ళు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. అప్పుడు లోపలినుంచి అవ్వ గొంతు వినిపించింది. "వొద్దప్పా! నేను బాగుండాను! పోండి!"

వాళ్ళు వెళ్ళిపోయాక నేను ఆమెమీద విరుచుకుపడ్డాను. "నీకేమన్నా పిచ్చా అవ్వా? కాలు ఇరిగిండాది. కుళ్ళి సచ్చిపోతావు."

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. గిల్లలేదు. "ఆస్పత్రోళ్ళు పాస్‌పోర్టు అడుగుతారు. పోలీసోళ్ళకు చెప్తారు. ఈయప్పను జైల్లో ఏస్తారు. చేతగానోడప్పా వాడు. ఆడ ఒక్క దినం బతకడు" అంది. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. విన్నాడు. నేను మళ్ళీ అంబులెన్సును పిలవలేదు.

మందుల అంగట్లో నొప్పి బిళ్ళలు తెచ్చేదాన్ని. ఒక కట్టు కట్టేవాణ్ణి పిలిపించాను. అతను దుప్పటి ఎత్తి చూసి, "ఇది నాతో అయ్యే పని కాదమ్మా" అని చెప్పులు వేసుకున్నాడు. కొన్ని వారాలకు నడుం కింద పుండ్లు పడ్డాయి. రోజూ కడిగి కట్టేదాన్ని. కడుగుతుంటే అవ్వ తన భాషలో అరిచేది, ఆ అరుపులకు ఆయన రేడియో పెద్దది చేసేవాడు. కింద ఉండే ఇంటామె మెట్లమీదికి వచ్చి ముక్కు మూసుకునేది. "ఏం పాపా, వాసన కిందికొస్తాండాది. నా ఇంట్లో సచ్చిపోతే మళ్ళా బాడుగకు ఎవురొస్తారు?"

ఆ తర్వాత ఆయనలో చురుకు వచ్చింది. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని రోజూ బయటికి పోసాగాడు. ఎక్కడికి సార్ అంటే, అక్కను తీసుకుపోయే ఏర్పాట్లు చేస్తున్నానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అవ్వకు వీల్‌చెయిరు తెస్తానని కూడా చెప్పాడు. "పాతది తేవద్దు" అందామె.

ఒక పొద్దున నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. అవ్వ ఒక్కతే ఉంది. "వీల్‌చెయిరు తేనీకె పోయినాడు" అంది. మధ్యాహ్నమైనా ఆయన రాలేదు. అన్నం తినమంటే వాడొచ్చినాకే అంది. నేను కిందికి దిగి ఇంటామెను అడిగాను.

"పెద్ద పెట్టె తీస్కోని కార్లో పోయినాడు కదా పాపా. నీకు చెప్పలేదా?"

విదేశీయుల వ్యవహారాలు చూసే పోలీసు ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. కంప్యూటర్లో చూసి, గడువు మీరినందుకు జరిమానా కట్టి, దేశం వదిలిపోయే అనుమతి తీసుకుని వెళ్ళిపోయాడని చెప్పాడు.

"వాళ్ళక్క సార్?"

"అక్క యాడిదమ్మా? ఒంటరిగా ఉంటాండానని రాసిచ్చినాడే."

నేను చెప్పింది విని ఆయన కుర్చీలోంచి లేచాడు. సాయంత్రానికల్లా ఒక మహిళా కానిస్టేబులు అంబులెన్సుతో వచ్చింది. స్ట్రెచరుమీద మెట్లు దిగుతూ అవ్వ ఆ కానిస్టేబులుతో, "నా తమ్ముడు తప్పు చేయలేదప్పా" అని చెబుతూనే ఉంది. ఎవరూ ఆయన మాట ఎత్తనే లేదు.

ఆసుపత్రిలో డాక్టరు పుండ్లు చూసి నన్ను తిట్టాడు. విషం రక్తంలోకి ఎక్కింది, ఇప్పుడు ఆపరేషన్ చేస్తే బల్లమీదే పోతుంది అన్నాడు. వాళ్ళ దేశపు రాయబార కార్యాలయం నుంచి ఒకతను ఫోను చేశాడు. చాలా ఏళ్ళు బయట ఉన్నందున ఆమెకు అక్కడ ఉచిత వైద్యం వెంటనే దొరకదట. పడుకోబెట్టి విమానంలో తీసుకుపోవాలంటే నర్సుండాలి, సీట్లు తీసేయాలి, ఆ ఖర్చు ఎవరైనా సొంతవాళ్ళు ఒప్పుకోవాలి. తమ్ముణ్ణి అడిగారట. "ఇండియాలోనే కన్నుమూయాలన్నది ఆమె కోరిక" అని చెప్పాడట.

అతనే ఒకసారి వీడియో కాల్ కలిపాడు. తెరమీద తమ్ముడు కోటు వేసుకుని ఉన్నాడు. అవ్వ వాళ్ళ భాషలో గబగబా ఏదో అడిగింది. ఆయన ఒక మాట అన్నాడు. ఆమె ఇంకా మాట్లాడుతుండగానే తెర నల్లబడింది. నేను ఫోను తీసుకోబోతే ఇవ్వలేదు. "నెట్టు బాగలేదు ఆడ" అంది.

వారం తర్వాత ఆమెకూ దేశం వదిలిపోయే అనుమతి వచ్చింది. జరిమానా మాఫీ చేశారు. ఆ కబురు చెప్పేసరికి ఆమెకు స్పృహ లేదు. రెండు రోజులకు పోయింది.

శవాన్ని ఏం చేయాలని తమ్ముణ్ణి అడిగితే, అక్కడి పద్ధతి ప్రకారం చేయండని ఒక్క ముక్క పంపాడు. ఒక చిన్న చర్చి పాస్టరు తమ సమాధుల స్థలంలో చోటిచ్చాడు. పాస్టరు, గొయ్యి తవ్వినవాళ్ళు, కానిస్టేబులు, నేను. అంతే. ఆ సమయానికి ఇంటామె మేడమీద మంచం, బీరువా బాడుగ కిందికి జమ కట్టుకుని, గోడలకు సున్నం వేయిస్తోంది.

కొన్ని నెలలకు తమ్ముడు నాకు ఫోను చేశాడు. ఎట్లా ఉన్నావని అడిగాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. అక్కకు ఆగిపోయిన పింఛను ఆమె పోయినరోజు వరకూ లెక్కగట్టి వారసుడికి ఇస్తారట. దానికి మరణ ధ్రువపత్రం కావాలి. తను రావడానికి లేదు, గడువు మీరినందుకు మళ్ళీ వీసా ఇవ్వరు.

"ఆమె బతికుందని చెప్పడానికి మీకు భయమేసింది కదా సార్" అన్నాను.

"నా బతుకంతా ఆమెకే ఇచ్చాను. మిగిలిన నాలుగేళ్ళయినా నావి కాకూడదా?" అన్నాడు.

ఫోను పెట్టేశాను. మళ్ళీ మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. ఆయన పని మాత్రం ఆగలేదు. మిగిలిన బాడుగ పంపిస్తానన్నాడని, ఇంటామె ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ పత్రం తీయించి పంపింది. "నాకేం పాపా, నా బాడుగ నాకొచ్చింది" అని నాతోనే చెప్పింది.

నాకు చేతనైన పని ఇదే కాబట్టి ఇప్పటికీ ఇట్లాంటి ముసలివాళ్ళ ఇళ్ళకే పోతున్నాను. చేరేముందు పాస్‌పోర్టు, వీసా చూపించమంటాను. కొందరు నవ్వుతూ చూపిస్తారు. పోయిన నెల ఒకాయన, పనిమనిషివి నీకెందుకని తలుపు వేసేశాడు. పక్కింట్లో అడిగాను, ఆ ఇంట్లో ఎంతమంది ఉంటారని. ఇద్దరన్నారు. ఒకరు ఈమధ్య బయటికి రావడం లేదట. అట్నుంచి అటే పోలీసు ఆఫీసుకు పోయి ఆ ఇంటి నంబరు చెప్పి వచ్చాను.