చింతపండుతో తోమిన తూటాలు

బహ్రెయిన్ వచ్చిన కొత్తల్లో నాకు రాని పని లేదు. అంటే, ఏ పని చెప్పినా "మాలూం, బాబా" అనడం బ్రహ్మాండంగా వచ్చు. తెలియదంటే మర్నాడే విమానం ఎక్కించేస్తారని నా భయం. ఆ భయంతోనే ఎన్ని ఘనకార్యాలు చేశానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. వాటన్నిటిలోకీ పెద్దది ఈ తూటాల వ్యవహారం.

అప్పుడు నేను జింజ్ అనే పేటలో ఒక ఇంట్లో డ్రైవరుని. చేరి మూడు నెలలు. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, వాళ్ల నాన్నగారికి డెబ్బై దాటాయి, ఇంట్లో అందరికీ ఆయన పెద్దబాబా. ఆయన దగ్గర పాతకాలపు మిలటరీ తుపాకీ ఒకటి ఉండేది. ఒక్కసారి పేలిస్తే బోల్టు వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోస్తేగాని రెండోసారి పేలని రకం. కాగితాలన్నీ సక్రమంగా ఉన్న తుపాకీ. ఇనప బీరువాలో మహారాణిలా ఉండేది. దాని తూటాలు దొరకడం కష్టమట. అందుకని పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు దాచుకుని, శుభ్రం చేసి, మళ్లీ మందు పోసి, కొత్త గుండు బిగించి ఆయనే తయారు చేసుకునేవాడు. శుక్రవారం షూటింగ్ రేంజిలో ఒక పాత స్నేహితుడితో పోటీ. (ఆయన్ని నేను మనసులో లావుబాబా అనుకునేవాణ్ణి.) సరిగ్గా బుధవారం నాడు గొట్టాలు శుభ్రం చేసే మిషను చెడిపోయింది. పెద్దబాబా ముఖం చూడలేకపోయాను. నల్లబడ్డ గొట్టాల డబ్బా నా చేతిలో పెట్టి, "సాఫ్ కరో. మాలూం?" అన్నాడు.

"మాలూం, బాబా!"

ఆ డబ్బా పట్టుకుని తిన్నగా వంటింట్లోకి పరిగెత్తాను. అక్కడ వంట చేసే నర్సాపురం అక్కే నాకు దిక్కు. ఆవిడ ఒక గొట్టాన్ని తిప్పి చూసి, "ఓస్, ఇత్తడే కదేంట్రా తమ్ముడూ! చింతపండెట్టి రుద్దెయ్. మా అమ్మ బిందెలన్నీ అలాగే తోమేది" అంది.

తోమాను. వేళ్లు ఒరుసుకుపోయేలా తోమాను. కడిగి, మేడ మీద పంచె పరిచి వడియాల్లా ఎండబెట్టాను. బంగారమే! పెద్దబాబా మేడెక్కి వచ్చి, కళ్లు చిట్లించి చూసి, ఒకటి తీసి వాసన చూశాడు.

"ఏ క్యా హై?"

"తమర్ హింది, బాబా." (చింతపండుకు అరబ్బీ మాట అదేనని అక్క చెప్పింది.)

"తమర్ హింది? ఏ తో షర్బత్ హై! బందూక్ కో షర్బత్ పిలాయేగా?"

తుపాకీకి షర్బత్ తాగిస్తావా అంటున్నాడు. కోపమో నవ్వో తెలియలేదు. ఒక్కో గొట్టంలోకీ లైటు వేసి చూశాడు. ఒకదాంట్లో చింతపండు పీచు దొరికింది! అన్నీ మళ్లీ వేడినీళ్లతో కడిగించాడు, ఎండిన తర్వాత మళ్లీ ఒక్కోటీ చూసి, అప్పుడుగాని మందు పోయడానికి కూర్చోలేదు. మందు తూచే చిన్న తక్కెడ కదులుతుందని ఏసీ కూడా ఆపేశాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, చెమటలు కక్కుతూ, తుమ్ము వస్తే ఏమవుతుందో అనుకుంటూ నిలబడ్డాను. ఆ పీచు మాత్రం నా మనసులోంచి పోలేదు. ఇంకో పీచు ఎక్కడో మిగిలే ఉంటుంది!

శుక్రవారం పొద్దున్నే రేంజికి వెళ్లాం. నాకూ చప్పుడు వినబడకుండా చెవులకు పెద్ద డిప్పలు తగిలించి వెనక కూర్చోబెట్టారు. పెద్దబాబా బోర్లా పడుకుని గురి చూశాడు. ట్రిగ్గరు నొక్కాడు. భుజం కదల్లేదు. పొగ లేదు. ఏమీ లేదు!

అంతే. కుర్చీలోంచి లేచిపోయాను. "నేనే, బాబా! తప్పు నాదే! చింతపండు నేనే పెట్టాను! అక్కనేం అనకండి!" అని శుద్ధ తెలుగులో మొత్తుకున్నాను. చెవులు మూసుకుని ఉన్నాయి కదా, ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియలేదు. పక్క షెడ్డులోని వాళ్లు కూడా వచ్చారని తర్వాత తెలిసింది. అర్థం కాదేమోనని "తమర్ హింది! తమర్ హింది!" అని గుండెలు బాదుకున్నాను.

పెద్దబాబా తుపాకీ మొన గురి వైపే ఉంచి, కాసేపు ఆగి, మెల్లగా బోల్టు లాగాడు. లోపల తూటాయే లేదు. పోటీ ఉత్సాహంలో ఆ పెద్దమనిషి పెట్టడమే మరిచిపోయాడు!

లావుబాబా నవ్వి నవ్వి గోడకు చేరగిలబడ్డాడు. పెద్దబాబా చెవులు ఎర్రబడ్డాయి. "యల్లా, బైఠో" అని నన్ను కసిరి కూర్చోబెట్టి, ఈసారి తూటా పెట్టి పేల్చాడు. అబ్బ! ఛాతీలో ఎవరో గుద్దినట్టయింది. నేను గాల్లోకి ఎగిరాను. ఆ రోజు ఆయన తూటాల్లో ఒక్కటీ మొరాయించలేదు. పోటీ మాత్రం లావుబాబాయే గెలిచాడు. అయితేనేం, వెళ్తూ వెళ్తూ తన నల్లబడ్డ గొట్టాల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టి, "మాలూం?" అన్నాడు.

ఇప్పుడు అమ్వాజ్‌లో కంపెనీ వ్యాను నడుపుతున్నాను. డ్యూటీలో ఏదైనా తేడా వస్తే, మొదట చుట్టూ ఇంకెవరున్నారో చూస్తాను. ఎవరైనా గట్టిగా అడిగితే అప్పుడు ఆలోచించి, కొంచెం కొంచెంగా చెబుతాను. అనుభవం అంటే అదే కాబోలు. చేయని తప్పును కూడా అడక్కముందే నెత్తినేసుకుని, నలుగురిలో గుండెలు బాదుకున్న ఆ కుర్ర డ్రైవరు ఎదురైతే, "కాస్త నోరు మూసుకోరా" అనే అంటాను. కానీ అన్నాక చాలాసేపు వాడి వంకే చూస్తూ ఉండిపోతాను.