కుడి చేతికి జామాకు నీళ్లు

నా చిన్నప్పుడు నాకున్నంత దురద కోనసీమ మొత్తంలో ఎవరికీ ఉండేది కాదు. నేను గోక్కుంటుంటే ఆ చప్పుడు కాలవ అవతలి చేలోకి వినబడేదని మనవలకి చెబుతూ ఉంటాను. అంత లేదు లెండి, వీధి అరుగు దాకా వినబడేదేమో. మోచేతుల మడతల్లో, మెడ మీద ఎర్రగా పొంగి, గోకితే రసి కారేది. ఇప్పుడైతే అలర్జీ అంటున్నారు. అప్పట్లో గజ్జి అనేసేవారు. గజ్జి అంటే అంటుకుంటుందని అందరికీ భయం.

ఆ ఏడు మా చిన్నాన్న పెళ్లి కుదిరింది. మా వైపు పెళ్లికొడుకు పక్కన తోడు పెళ్లికొడుకని ఓ కుర్రాణ్ణి ముస్తాబు చేసి కూర్చోబెడతారు. కొత్త బట్టలు, బుగ్గన చుక్క, ఊరేగింపు కారులో చోటు. ఆ చోటు నాదే అనుకున్నారు. తీరా నా చేతులు చూసి మా అత్తయ్య, అంటే నాన్నగారి అక్క, వేరే పిల్లాణ్ణి చూద్దామంది. పెళ్లికొడుక్కి అంటుకుంటేనో? ఆడపెళ్లివారు చూస్తేనో? నేను పెరట్లో అరటి చెట్ల చాటున కూర్చుని ఏడ్చాను. అన్నం ముట్టలేదని చెప్పాలని ఉంది గానీ, పూతరేకులు పెడితే తిన్నాను.

ఇంటికొచ్చినవాళ్లు తలో ఆకూ చెప్పారు. వేపాకన్నారు, కానుగాకన్నారు, మునగాకన్నారు, జామాకన్నారు. అన్నీ కలిపి నూరి పూసేసి, తగ్గితే ఆఖరున చెప్పినవారికి పేరు కట్టబెట్టడం మా ఊళ్లో అలవాటు. మా అమ్మ కూడా అన్నీ రోట్లో వెయ్యబోతుంటే మా మామ్మ ఆపేసింది. నాన్నమ్మని మేం మామ్మ అంటాం. ఆవిడ జామాకు ఒక్కటే మరగబెట్టి, చల్లారాక ఆ నీళ్లు రోజూ నా కుడి చేతికి మెత్తటి గుడ్డతో అద్దేది. ఎడమ చేతికి ఉత్త నీళ్లు. రెండు చేతులకీ జామాకే కావాలని పేచీ పెట్టాను. పెళ్లి ముంచుకొస్తోంది మరి.

"రెంటికీ అద్దేస్తే ఆకు తగ్గించిందో, దానంతటదే తగ్గిందో ఎలా తెలుస్తుందిరా నాన్నా?" అంది.

కుడి చెయ్యి బంగారంలా మెరిసిపోయిందని ఇన్నేళ్లుగా చెప్పుకుంటూ వచ్చాను. వినేవాళ్లకి అదే బాగుంటుంది. నిజానికి కుడి చేతికి మంట కాస్త చల్లబడింది, ఎరుపు కొంచెం తగ్గింది, అంతే. పెళ్లినాటికి రెండు చేతులా దద్దుర్లు ఉన్నాయి.

పందిట్లో అత్తయ్య అడగనే అడిగింది, తగ్గిందా అని. తగ్గిందని మామ్మ ఒక్క మాట అనేస్తే నా చోటు నాకు దక్కేది. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఎవరూ చూసేవారు కాదు. మామ్మ అలా అనలేదు.

"కాస్త ఉపశమించిందే. తగ్గలేదు," అంది.

నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడు మామ్మ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, ముడతలు పడ్డ తన మోచేతిని కూతురి ముందుకి చాపింది. "వీడు పాలు మానినకాణ్ణించీ నా పక్కలోనే పడుకుంటున్నాడు. ఇద్దరికీ ఒకటే దుప్పటి. నాకేవైనా అంటిందేమో నువ్వే చూడవే."

అత్తయ్య ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలికెళ్లి కాటుక తెచ్చి, నా బుగ్గన చుక్క తనే పెట్టింది.

ఇప్పుడు అమలాపురంలో ఉండే మా మనవరాలి కూతురికీ మోచేతుల్లో అవే దద్దుర్లు. డాక్టరుగారిచ్చిన మందు వాడుతున్నారు. జామాకులోనూ ఉల్లిపాయలోనూ ఫ్లేవనాయిడ్లని ఏవో ఉంటాయట, అవి అలర్జీ వాపుని అణచొచ్చట. ఫోనులో అది చదివి, మా మామ్మ దాన్ని ఏనాడో కనిపెట్టేసిందని వీధంతా చాటేశాను. మనవరాలు ఫార్మసీ చదివింది. విని నవ్వింది.

"ఆశ ఉందండి తాతయ్యా. కానీ మనుషుల మీద ఇంకా గట్టిగా తేలాలి," అంది.

నిజమే. మామ్మ కనిపెట్టిందేమీ లేదు. ఒక చెయ్యి వదిలిపెట్టి చూసింది, చూసినంతే చెప్పింది. కబుర్లకి రంగులు పూయడం నేను మానలేదు, ఈ వయసులో మానను కూడా. ఒంటి బాధ గురించి ఎవరైనా అడిగితే మాత్రం ఉన్నంతే చెబుతాను. ఇక మా ఇంటికి ఏ పిల్లయినా చేతులు వెనక్కి దాచుకుని వచ్చిందంటే, ముందు ఆ చెయ్యే అందుకుని పక్కన కూర్చోబెట్టుకుంటాను.