డ్రిల్లు టీచరు గొంతు

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని ఆ వీధిలో అందరూ నిదానం అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంది. దాంతో ఎవరికీ పని పడలేదు. దుకాణం మెట్ల కింద గది. వచ్చినవాళ్లు తల వంచి లోపలికొస్తారు, వెళ్లేటప్పుడు ఆ సంగతి మర్చిపోయి బొప్పి కట్టించుకుంటారు. "రేపు ఇచ్చేస్తాను" అనే మాట నిదానం నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు. "అయినప్పుడు అవుతుంది" అంటాడు, అంతే.

అతనికో చాదస్తం ఉంది. వైరస్ పట్టిన కంప్యూటర్లోంచి బయటికి తీసిన ఫైళ్లను ఒక్కొక్కటీ తెరిచి, చివరిదాకా చూస్తేగాని తిరిగి ఇవ్వడు. పేరు కనబడినంత మాత్రాన ఫైలు దక్కినట్టు కాదని అతని వాదన. "గుమ్మంలో చెప్పులుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టేనా?" అంటాడు. ఈ పద్ధతి పుణ్యమా అని ఎంతోమంది పెళ్లి వీడియోలు ఆసాంతం చూశాడు. తను మాత్రం పెళ్లి చేసుకోలేదు. ఈ రెంటికీ సంబంధం ఉందని వీధిలో అనుకుంటారు.

ఒక ఉదయం ఎదురు వరసలో ఉండే దర్జీ, ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా గుడ్డలో చుట్టుకుని వచ్చాడు.

"బాబూ, దీంట్లో మా ఆవిడ గొంతుంది," అన్నాడు.

దర్జీ భార్య డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. మైదానం ఈ చివర ఆవిడ "అటెన్షన్" అంటే ఆ చివర పిల్లలతోపాటు గోడవతల పోయేవాళ్లు కూడా నిటారుగా నిలబడిపోయేవారు. ఆ గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు అన్నారు డాక్టర్లు. ఆవిడ ఏడవలేదు. ఆపరేషన్‌కి ముందే కూర్చుని, ఇక బతికినంతకాలం అవసరం పడతాయనుకున్న మాటలన్నీ రికార్డు చేసి పెట్టుకుంది. బొత్తం నొక్కితే మాట వస్తుంది. ఇంకెక్కడా కాపీ లేదు. ఇది పోతే ఆ గొంతు లోకంలో లేనట్టే.

"ఏం చేశారు మాస్టారూ?"

"నేనేం చెయ్యలేదు, అదే చెప్పింది. ఎర్రక్షరాలతో 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, వెంటనే ఇక్కడ నొక్కండి' అని వచ్చింది. నొక్కాను. ఇంకోటొచ్చింది. అదీ నొక్కాను."

"ఎందుకూ?"

దర్జీ అతన్ని వింతగా చూశాడు. "నొక్కమందిగా!"

పెళ్లయిన నాటినుంచీ గట్టిగా చెప్పిన మాటకి ఎదురు అడిగి ఎరగని మనిషి. వైరస్‌కి తాళాలు తనే చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

వెళ్లబోతూ దర్జీ గుమ్మంలో ఆగి గొంతు తగ్గించాడు. "బాబూ, అందులో 'ఆయనకి' అని ఓ ఫోల్డరుంది. అన్నీ తిట్లే. మిగతావి తీసిచ్చి, అదొక్కటీ వైరస్ తినేసిందని చెప్పవూ? నీకు పుణ్యముంటుంది." ఆ మాటతో తలెత్తి, మెట్టుకి కొట్టుకుని వెళ్లిపోయాడు.

నిదానం ల్యాప్‌టాప్‌ను ఆన్ చెయ్యకుండానే వెనక మూత విప్పి, హార్డ్ డిస్కు బయటికి తీసి, ఇంటర్నెట్ గాలి సోకని తన పాత కంప్యూటరుకి తగిలించాడు. ముందు ఇంట్లోవాళ్లని బయటికి తెచ్చి, ఆ తర్వాతే ఇల్లు కడగాలి. ఫోల్డర్లు కనబడుతూనే ఉన్నాయి గాని, అవి ఉత్తుత్తివి; నొక్కితే మళ్లీ వైరస్సే లేచి కూర్చుంటుంది. అసలువాటిలో కొన్నిటిని అది దాచేసింది, కొన్నిటిని చెరిపేసింది. చెరిపినవాటిని డిస్కు మూలమూలలా గాలించి పట్టుకున్నాడు. ఆ తర్వాత వినడానికి కూర్చున్నాడు.

తిట్లు మర్యాదగానే ఉన్నాయి, ఎక్కడా 'అండీ' తగ్గలేదు. "ఏమండీ, కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారేం?" "మీ బుర్రలో ఉన్నది మెదడా, దూదా?" నిదానానికి దర్జీ మీద నిజంగానే జాలేసింది. అతను అడిగినట్టే చేసేద్దామా అనుకున్నాడు కూడా.

గాలింపులో వైరస్ చెరపని ఫైలు కూడా ఒకటి దొరికింది. దాన్ని టీచరే ఎప్పుడో చెరిపేసుకుంది. అదీ చివరిదాకా విన్నాడు. లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. ఒకరు పోగొట్టమన్నవి, ఇంకొకరు పారేసుకున్నది తిరిగి ఇవ్వాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాడు. చివరికి డిస్కంతా తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించి, ఫైళ్లలో వైరస్ లేదని చూసుకుని, మొత్తం వెనక్కి పెట్టేశాడు.

భార్యాభర్తలిద్దరూ వచ్చారు.

"అన్నీ దక్కాయి టీచరుగారూ," అన్నాడు నిదానం.

దర్జీ మొహం వాడిపోయింది. "ఒక్కటి కూడా పోలేదా?"

"పోలేదు మాస్టారూ. చెరపడం ఎలాగో కావాలంటే చూపిస్తాను. అది మాత్రం నా చేత్తో చెయ్యను."

ఆవిడ వంగి ఒకటి నొక్కింది. "ఏమండీ, గుంజలా అలా నిలబడ్డారేం? కుర్చీ తెండి!"

దర్జీ మూలనున్న కుర్చీ ఒక్క ఉదుటున తెచ్చేశాడు. ఆవిడ కూర్చుని జాబితా కిందిదాకా చూసింది. అడుగున తనకి గుర్తులేని ఫైలేదో ఉంది. నొక్కింది.

"భోంచేశారా?" అంది ల్యాప్‌టాప్, పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు.

"చేశాను," అన్నాడు దర్జీ, అలవాటుగా.

"ఊహూ, ఇదీ తిట్టినట్టే ఉంది," అని గొణుక్కుంది ఆ గొంతు. దగ్గింది. "భోంచేశారా?" ఈసారి ఇంకా గట్టిగా వచ్చింది. "ఛ! మెత్తగా అనడం కూడా చేతకాదు. రేపు కోసేస్తారు, ఇంకెప్పుడు వస్తుందిట?" మళ్లీ దగ్గు. "భోంచేశారా?"

టీచరు మొహం ఎర్రబడింది. ఆపడానికి చెయ్యి చాపింది. దర్జీ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు," అన్నాడు. "నన్ను విననీ."

పెళ్లయ్యాక అతను ఆవిడకి ఇచ్చిన మొదటి ఆజ్ఞ అదే. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"భోంచేశారా?" అని గొంతు బొంగురుగా అడిగింది.

"చేశానే," అన్నాడు దర్జీ, ఏడుస్తూ.