గంప మోయాల్సిన మేనమామ, మెడల వేలాడిన లెన్స్

మొన్న మా సుష్మ పెండ్లిల నేను చేసిన పని ఇంకెవరన్నా చేసి ఉంటే అందరికంటే ముందు నేనే నవ్వేటోన్ని. చేసింది నేను గాబట్టి మీరు నవ్వుండ్రి. చాయ్ మాత్రం ఒలకపోసుకోకుండ్రి.

సుష్మ మా అక్క బిడ్డ. నేను దానికి ఒక్కగానొక్క సొంత మేనమామను. మాది సూర్యాపేట, అక్కోళ్లది మిర్యాలగూడ. నా కెమెరా పిచ్చి మీకు ఎరుకే గదా! కొన్ని నెలల సంది నాకు ఒకటే రంధి, జూమ్ లెన్స్. దూరం నిలబడ్డా మనిషి మొఖం దగ్గరికి గుంజాలె, ఫంక్షన్ హాల్‌ల లైటు డల్లుగ ఉన్నా ఫొటో మసక రావొద్దు. అసొంటివి రెండు దొరికినయి. కోదాడల స్టూడియో శ్రీను దగ్గర కెమెరా కంపెనీదే ఒకటి, మిర్యాలగూడల మా దోస్తు యాదగిరి దగ్గర వేరే కంపెనీది ఒకటి. ఇద్దరు అమ్ముతమన్నరు.

ఏది కొనాలె? అన్నం తినుకుంట రివ్యూలు, బస్సుల పోతుంటే చెవుల రివ్యూలు. పొద్దుగాల కోదాడది ఫైనల్ అంట, మాపటికి మిర్యాలగూడది ఫైనల్ అంట. మా ఇంటామె ఊకుంటదా? "లెన్స్‌కే గింత సూస్తున్నవ్! నన్ను సూడొచ్చిననాడు చాయ్ తాగేలోపట్నే సరే అంటివి గదా!" అన్నది. నేను ఇంకో రివ్యూ పెట్టిన.

ఆఖరికి శ్రీనే ఉపాయం చెప్పిండు. "అన్నా, అంత టెన్షన్ ఎందుకు? రెండూ పట్టుకెళ్లి, ఒకేచోట నిలబడి తీసి చూడండి. తెలిసిపోద్ది." మంచి మాట! ఒకేచోట అంటే యాడ? సుష్మ పెండ్లిల!

అక్క ముందే చెప్పింది. "సూడు తమ్మీ, ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడినం. నువ్వు కెమెరా ముట్టకు. నువ్వు గంప మోయాలె. పిల్ల చిన్నప్పటి సంది మా మామ మోసుకపోతడనే అంటున్నది."

"నాకు ఎరుక లేదా అక్కా!" అన్న. కెమెరా, చూసి ఇస్తనని ఇద్దరి దగ్గర తెచ్చుకున్న రెండు లెన్సులు బ్యాగుల ఏసి, కారు సీటు కింద పెట్టుకొని పోయిన.

మా దిక్కు పెండ్లిపిల్లను గంపల కూసోబెట్టి మేనమామ మండపం కాడికి మోసుకరావాలె. అదయితేనే ముందటి పని. ఇంకా టైమున్నది గదా అని బ్యాగు తెచ్చుకొని హాల్ చివర గేటు కాడ నిలబడ్డ. కోదాడది పెట్టి స్టేజీ దిక్కు కొట్టిన. అబ్బ! పంతులు గారి బొట్టు గూడ ముంగట్ల ఉన్నట్టే కనవడ్డది. అది తీసి మిర్యాలగూడది పెట్టిన. ఇది గూడ మంచిగనే ఉన్నది! మళ్ల కోదాడది. మళ్ల మిర్యాలగూడది. చేతులు ఆగుతలేవు. పక్కన్నే బ్యాండోళ్లు వాయిస్తున్నరు, మైకుల ఎవరో ఎవరినో పిలుస్తున్నరు, జేబుల ఫోన్ గుయ్యి గుయ్యి మంటున్నది. ఎత్తితే ఫ్రేమ్ కదులుతదని ఎత్తలే.

గప్పుడు చూడుండ్రి మజా! పంతులు నా దిక్కే చెయ్యి ఊపుతున్నడు. క్యాండిడ్ అంటే గిది అనుకొని టకటక కొట్టిన. పెండ్లికొడుకు నా దిక్కే చూసిండు. వాళ్లమ్మ గూడ. కుర్చీలల్ల కూసున్నోళ్లంత మెడలు తిప్పి నా దిక్కే! కెమెరా దిక్కు చూడుమంటే చూడనోళ్లు, ఇయ్యాల ఎంత మంచిగ చూస్తున్నరని మురిసిపోయిన. ఇంతల మా అక్క ఫ్రేమ్‌లకు వచ్చింది. చెయ్యి చాపి, నోరు తెరిచి ఏదో అంటున్నది. ఏం ఎక్స్‌ప్రెషన్ అది! కొట్టిన. లెన్స్ మార్చి మళ్ల కొట్టిన.

ఇంకోటి కొడదామనేసరికి అంత నల్లగైంది. మా బావ అరచెయ్యి.

"ఓ మేనమామా! నీ పేరు పిలిచి పిలిచి మైకు పట్టుకున్నాయన గొంతు పోయింది. పిల్ల గంపల కూసోని ఏడుస్తున్నది!"

ఉరికిన! కుర్చీలకు తన్నుకుంట ఉరికిన. మెడల కెమెరా, దానికి ఆ పొడుగు లెన్స్. తీసి పెట్టే టైమేది? "కానియ్యండి, ముహూర్తం!" అని పంతులు ఒకటే తొందర. గట్లనే గంప ఎత్తిన. ఇంకో పక్క వరుసకు మామయ్యేటాయన పట్టిండు. లెన్స్ పోయి సుష్మ ముక్కు ముందల ఊగుతున్నది.

"మామా, గీ గొట్టం తియ్యి! బాసింగం ఊడుతది!" అని, అప్పటిదాంక ఏడ్చిన పిల్ల ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఏ ఫొటోల లేదు. పెట్టుకున్న ఫొటోగ్రాఫర్ తీసినయన్ని చూసిన. గంప ఫొటోలన్నిట్ల సుష్మ మొఖం ఉండాల్సిన కాడ నా లెన్సే.

ఇంటికొచ్చి, లెన్సుకొకటిగ ఆఖర్ల కొట్టిన రెండు ఫొటోలు కంప్యూటర్‌ల పక్కపక్కన పెట్టిన. రెండిట్ల అక్కనే. పెద్దగ చేస్తే కండ్లల్ల నీళ్లు. ఏం ఎక్స్‌ప్రెషన్ అనుకున్న గదా, ఏడుస్తున్నది! అంత దగ్గరికి గుంజి గూడ అప్పుడు నాకు కనవడలే. నిజంగ సిగ్గయింది.

మర్నాడు పోయి తప్పయిందని ఆ ఫొటో అక్కకు చూపించిన. "మంచిగనే తీసినవ్‌రా. పెద్దది చేపిచ్చి ఫ్రేమ్ కట్టియ్యి" అన్నది. హమ్మయ్య, కోపం పోయిందనుకున్న. "మా ఇంట్ల కాదు. మీ ఇంట్ల, టీవీ మీద పెట్టు."

పెట్టిన. ఇప్పుడు రివ్యూ చూద్దామని టీవీ పెడితే చాలు, పైనుంచి అక్క నా దిక్కే చెయ్యి చాపుతది. హాల్‌ల ఏ మూలకు కూసున్నా నన్నే చూస్తది.

రెండు లెన్సులు వాపస్ ఇచ్చిన. ఇగ రివ్యూలంటరా? బాత్రూంల చూస్తున్న.