ఎడమ రెక్క చివర నెట్టీ

నెట్టీ మాంకర్‌కు ట్రాక్టర్ నడపడం ఎవరూ నేర్పలేదు. ఆంగస్ జిల్లాలో వాళ్ల నాన్నకు బంగాళదుంపల పొలం ఉండేది. పన్నెండో ఏట ట్రాక్టరెక్కి ఆమె దున్నిన చాలు చూసి పక్క పొలం ముసలాయన "ఇది మగపిల్లాడై పుట్టాల్సింది" అన్నాడట. ఆ మెచ్చుకోలు నెట్టీకి మింగుడుపడలేదు. ఆడదాన్నై పుట్టే ఇంత తిన్నగా దున్నాను కదా, ఇంకా ఏం కావాలి అని ముసలాయన ముఖం మీదే అడిగేసింది.

యుద్ధం వచ్చి నౌకాదళంలో ఆడవాళ్లను చేర్చుకుంటున్నారని తెలియగానే ఎగేసుకుంటూ వెళ్లి చేరింది. సముద్రం మీదికి పంపుతారనుకుంది. వాళ్లు పంపింది ఇంటికి పదిహేను మైళ్ల దూరంలో ఉన్న నౌకాదళ విమానాల స్థావరానికి. పైగా అక్కడ కూడా ఆమె చేతికి ట్రాక్టరే ఇచ్చారు. ఓడల మీద దిగే విమానాలను షెడ్డులోంచి బయటికి లాగడం, మళ్లీ లోపలికి నెట్టడం పని.

ఆ ట్రాక్టర్ కూడా ఏదో పొలంలోంచి పట్టుకొచ్చిందే. ఇనప చక్రాలు పీకేసి రబ్బరు టైర్లు తొడిగారు. బరువు చాలక అవి తడి నేల మీద జారిపోతుంటే, స్థావరంలోని కమ్మరి ట్రాక్టర్ వెనక ఒక ఇనప పెట్టె బిగించి దాని నిండా కాంక్రీటు పోశాడు. విమానాన్ని నెట్టడానికి ముందు భాగాన ఒక కొక్కెం అతికించాడు. ఇన్ని చేసినా దాని పొలం బుద్ధి పోలేదు. క్లచ్ వదిలితే చాలు, మొండి ఎద్దులా ఎగిరి ముందుకు దూకేది. ఆ కుదుపుకు విమానం తోక చక్రం విరిగితే తిట్లు తినేది డ్రైవరే. నెట్టీ మాత్రం రెండేళ్లలో ఒక్క చక్రం విరగనివ్వలేదు. మడమ నేలకు ఆనించి క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదిలే కిటుకు ఆమె ఒక్కతికే పట్టుబడింది. ఆ సంగతి ఆమె అందరికీ రోజూ చెప్పేది కూడా.

1944 వసంతంలో అమెరికా నుంచి ఒక కొత్త ట్రాక్టర్ దిగింది. అడుగున అదీ పొలం ట్రాక్టరేనని నెట్టీ కిందికి దూరి చూసి మరీ కనిపెట్టింది. అయితే దాన్ని నౌకాదళం కోసమని ఫ్యాక్టరీలోనే మార్చారు. నాగలిని పైకెత్తే సరంజామా లేదు. ఒళ్లంతా మందపాటి పోత ఇనుము, వెనక జంట టైర్లు, ముందూ వెనకా కొక్కేలు, పసుపు రంగు. క్లచ్ వదిలితే కదిలినట్టే తెలియకుండా కదిలేది. నెట్టీ దాని సీటు మీద చెయ్యేసి, ఇక ఇది నాదే అనుకుంది. రెండేళ్లు కాంక్రీటు పెట్టెతో కాపరం చేసిన మనిషి ఇంకేమనుకుంటుంది?

చీఫ్ టరెల్ దాన్ని డోరీన్ హెస్కెత్‌కు ఇచ్చాడు.

టరెల్ ఆ షెడ్డుకు పెద్ద. డోరీన్ అంటే బోల్టన్‌లో టోపీల కొట్లో పనిచేసి వచ్చిన పిల్ల. స్థావరానికి వచ్చి ఆరు వారాలు కూడా కాలేదు. నెట్టీ తిన్నగా చీఫ్ దగ్గరికి వెళ్లింది.

"చీఫ్, ఆ పిల్లకి ట్రాక్టరుకి ముందేదో వెనకేదో తెలీదండీ."

"అందుకే ఇచ్చా. ఆ పిల్లకి పాత అలవాట్లు లేవు. నువ్వు ఏ బండెక్కినా మాటిమాటికీ వెనక్కి తిరిగి నాగలి చూసుకుంటావు."

"నేనా?"

"నువ్వే. నిన్న ఉత్త బండి తోలుకొస్తూ మూడుసార్లు తిరిగావు. వెనకేం ఉందని? నీ బంగాళదుంపలా?"

షెడ్డులో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. డోరీన్ కూడా నవ్వింది. చీఫ్ చెప్పింది నిజమే కావడంతో నెట్టీకి ఇంకా ఒళ్లు మండిపోయింది.

అంతటితో అయినా బాగుండేది. చీఫ్ ఆమెను కొత్త ట్రాక్టర్‌కు తోడుగా రెక్క చివర నడవమన్నాడు. విమానాన్ని ముక్కు ముందుగా లోపలికి నెట్టేటప్పుడు, తోక దగ్గరుండే డ్రైవర్‌కు రెక్కలు గోడకు తగులుతాయో లేదో తెలియదు. అందుకని ఒక్కో రెక్క చివర ఒక్కో మనిషి నడవాలి. చెయ్యి పైకెత్తి ఉంచితే దారి ఉన్నట్టు, దింపితే ఆగాలి. డ్రైవర్ ఆ రెండు చేతులు తప్ప మరేదీ నమ్మకూడదు. ఎడమ రెక్క నెట్టీకి వచ్చింది.

నాలుగు నెలలు ఆ పసుపు ట్రాక్టర్ ముందు చెయ్యెత్తుకుని నడిచింది నెట్టీ. చెయ్యి నొప్పి ఒక ఎత్తు, కడుపుమంట ఒక ఎత్తు. డోరీన్ గేరు మార్చితే ఏడుపు, మార్చకపోతే ఏడుపు. పొద్దున ఓట్ల జావ తాగుతూ డోరీన్ చేతులు చూసేది. టోపీలకు రిబ్బన్లు కుట్టిన ఆ చేతులా ఆ స్టీరింగ్ మీద! పైలట్లు పోతూ పోతూ "భలే తోలావమ్మాయ్" అని డోరీన్‌ను అంటే, నెట్టీకి ఆ పూట తిండి సయించేది కాదు. ఇంటికి రాసిన ఉత్తరంలో మాత్రం కొత్త ట్రాక్టర్ తానే నడుపుతున్నట్టు రాసింది.

ఓడల మీద చోటు తక్కువని ఆ విమానాల రెక్కలు మడుచుకునేలా చేస్తారు. జులైలో ఒక మధ్యాహ్నం రెక్కలు మడుచుకోని విమానం ఒకటి మరమ్మతుకు వచ్చింది. మడతబందు బిగుసుకుపోయింది. రెక్కలు చాచినట్టే లోపలికి నెట్టాలి. తలుపులు బార్లా తీస్తే అటు జానెడు, ఇటు జానెడు ఖాళీ మిగిలింది. అందరూ చూడడానికి వచ్చారు. డోరీన్ నెమ్మదిగా నెట్టుకొస్తోంది. గుమ్మం దగ్గర విమానం కొద్దిగా ఎడమకు ఒరిగింది. జానెడు కాస్తా బెత్తెడైంది, బెత్తెడు కాస్తా రెండు వేళ్లయింది.

నెట్టీకి అది కనిపించింది. చెయ్యి దింపాలి. దింపలేదు.

తగలనీ అనుకుంది. ఒక్కసారి తగిలితే చాలు, రేపట్నుంచి ఆ సీటు నాది. ఆ క్షణాన డోరీన్ ముఖం ఎలా మారుతుందో చూడాలనిపించి అటు తిరిగింది. డోరీన్ ఆమెనే చూస్తోంది. ట్రాక్టర్ ఆగిపోయింది. ఆగాక గానీ నెట్టీ చెయ్యి కిందికి దిగలేదు.

చీఫ్ పరుగెత్తుకొచ్చి రెక్కకూ గోడకూ మధ్య వేలు పెట్టి చూశాడు. వేలు పట్టలేదు. ఆయన ముఖం తెల్లబోయింది.

"ఎవరు ఆపారు దీన్ని?"

"నెట్టీ చెయ్యి దింపింది చీఫ్" అంది డోరీన్.

కుడి రెక్క దగ్గరున్న మనిషి తన గోడ తాను చూసుకుంటున్నాడు. చూడవచ్చినవాళ్ల కళ్లన్నీ రెక్కకూ గోడకూ మధ్య సందు మీదే ఉన్నాయి. కాదనేవాళ్లు లేరు. చీఫ్ నెట్టీ భుజం తట్టి "నాగలి బుద్ధి వదిలిందన్నమాట. రేపట్నుంచి బండి నువ్వు తీసుకో" అన్నాడు. నెట్టీ గబగబా తల ఊపేసింది. అందరూ అది సంతోషమనుకున్నారు.

టీ వేళకు నెట్టీ డోరీన్‌ను ఒక మూలకు లాక్కెళ్లింది.

"నేను చెయ్యి దింపలేదు."

"తెలుసు."

"మరెలా ఆపావే?"

"రోజూ నీ చెయ్యి నా వైపు, నీ కళ్లు గోడ వైపు ఉంటాయి. ఇవాళ చెయ్యి అలాగే ఉంది, కళ్లు మాత్రం నా మీదున్నాయి. నాకు గుండె జారిపోయింది. బ్రేక్ తొక్కేశా."

"చీఫ్‌కి ఎందుకు చెప్పలేదు?"

"చెడ్డదానివైతే చెప్పేదాన్నే. నువ్వు వట్టి కుళ్లుబోతువి" అంటూ డోరీన్ టీలో చక్కెర కలుపుకుంది. "ఆ బండంటే నాకు మొదట్నుంచీ భయమే నెట్టీ. అటువైపు నువ్వున్నావన్న ధైర్యంతో తోలా ఇన్నాళ్లూ. నీ పీడా, దాని పీడా రేపటితో వదిలిపోతాయి."

మర్నాడు నెట్టీ కోరుకున్న సీట్లో కూర్చుంది. క్లచ్ నిజంగానే అంత మెత్తగా ఉంది. ఎడమ రెక్క చివర డోరీన్ చెయ్యెత్తి నడిచింది. ఆ చెయ్యి పైన ఉన్నంతసేపూ నెట్టీ కాలు బ్రేక్ మీదికే పోయేది. ఇప్పుడు ఇది పగ తీర్చుకుంటుందా, రేపు తీర్చుకుంటుందా? వారం గడిచింది. చెయ్యి ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు. డోరీన్ కళ్లు గోడ మీదనుంచి కదల్లేదు. అలా ఎలా ఉండగలుగుతోంది అని నెట్టీకి ట్రాక్టర్ సీటులో కూర్చునే మళ్లీ కళ్లు కుట్టాయి. పన్నెండో రోజున వెళ్లి చీఫ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

చీఫ్ ఆమెను తిట్టలేదు. అది ఇంకా ఘోరం. "రేపట్నుంచి వంటశాలకి పో" అని మాత్రం అన్నాడు. వాళ్ల నాన్న పండించిన బంగాళదుంపలే అయి ఉంటాయి, నెట్టీ రోజుకు రెండు గోతాల చొప్పున తొక్క తీసింది.

వంటశాల కిటికీలోంచి షెడ్డు గుమ్మం కనిపించేది. ఒక ఉదయం పసుపు ట్రాక్టర్ విమానాన్ని నెట్టుకుంటూ అటు వచ్చింది. సీట్లో డోరీన్, చూపు ఎడమ వైపు నిలిపి ఉంది. అక్కడ ఎవరో కొత్త పిల్ల చెయ్యెత్తి నడుస్తోంది. నెట్టీ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఎవత్తె అది?" అంది గట్టిగా. "చూడండి, చెయ్యెలా ఎత్తిందో! వేళ్లు ముడుచుకుని! డోరీన్‌కి అలాగైతే ఏం కనబడుతుంది?"

వంటవాడు తలెత్తి, "నీకెందుకమ్మా, దుంపలు చూడు" అన్నాడు.

నెట్టీ దుంపలు చూడలేదు. విమానం పూర్తిగా లోపలికి వెళ్లేదాకా ఆ కొత్త పిల్ల చేతి వైపే చూసింది. తను లేకపోయినా రెక్కకు ఏ గోడా తగల్లేదు. నెట్టీకి ఏడుపొచ్చింది.