సంబంధం ఉండవచ్చు

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన జేబులోంచి మందు గోలీల షీటు తీసి బొటనవేలితో నొక్కాడు. రేకు చిట్లిన ఆ చిన్న చప్పుడు విన్నాక, దిల్‌సుఖ్‌నగర్ వచ్చేదాకా నాకు సత్తయ్యన్న తప్ప మరేదీ తోచలేదు.

సత్తయ్యన్న మా పత్రిక డెస్కుకు పెద్ద. నల్లగొండ పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడ్డాడు. నాకు వార్త రాయడం నేర్పింది ఆయనే. ఆయన ముందు వార్త పెట్టడమంటే పశువుల అంగట్లో ఎద్దును నిలబెట్టడమే. నోరు తెరిచి పళ్లు చూసేవాడు. ఫ్యాక్టరీ పొగ వల్ల పిల్లలకు దగ్గు వస్తోందని రాస్తే, "పొగ ఉన్నది, దగ్గు ఉన్నది. నడుమల తాడు డాక్టర్ కట్టిండా, నువ్వు కట్టినవా?" అనేవాడు. డాక్టర్ ఎవరో చెప్పలేకపోతే ఆ వాక్యం పోయేది.

ఒక సాయంత్రం ఆరోగ్యం పేజీకి ఒక పరిశోధన వార్త వచ్చింది. ఛాతీనొప్పికి వాడే నైట్రేట్ రకం మాత్రల్లో ఒకదానికీ, పేగులో పుండై చిల్లు పడటానికీ సంబంధం ఉండవచ్చని దాని సారాంశం. 'గుండె మాత్రతో పేగుకు చిల్లు' అని శీర్షిక పెట్టాను.

"ఏంది తమ్మీ, పొద్దుగాల ఊరంత గోలీలు మోరీల పారేస్తే, ఆగిపోయే గుండెలు నువ్వు పట్టుకుంటవా?" అన్నాడు సత్తయ్యన్న.

శీర్షికను 'సంబంధం ఉండవచ్చు' అని మార్చి, చివర తనే ఒక వాక్యం చేర్చాడు. మాత్రలు సొంతంగా మానేయవద్దు, కడుపులో బాధ ఉంటే డాక్టరుకు చెప్పాలి అని. ఆ తర్వాత జేబులోంచి షీటు తీసి గోలీ వేసుకున్నాడు. పేరు చూశాను. అదే మాత్ర.

"అన్నా, కొన్నాళ్ల నుంచి కడుపునొప్పి అంటున్నవు. డాక్టర్‌కు చెప్పినవా?"

"ఏమని చెప్పాలె? పేపర్ల చదివిన అనాల్నా? గా వార్త దిద్దిందే నేను. ఇంక తేలలేదు కద, తేలనీ."

మళ్లీ అడిగితే కసిరాడు. "నా పొట్ట నీకు ఫస్ట్ పేజీ వార్తనా?" డెస్కంతా నవ్వింది.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం కుర్చీలోనే ఒరిగిపోయాడు. పేగుకు చిల్లు పడిందని దవాఖానలో ఆపరేషన్ చేశారు. అప్పటికే పేగులోంచి కారిన విషం ఒళ్లంతా పాకింది. సత్తయ్యన్న దక్కలేదు. ఆ డాక్టరుకు మాత్ర సంగతి చెప్పి అడిగాను. "కావచ్చు, కాకపోవచ్చు. వేరే కారణాలు కూడా ఉంటాయండీ. నొప్పి మొదలైనప్పుడే చెప్పుంటే మందు మార్చి చూసేవాళ్లం" అన్నాడు.

దినాల రోజు వదిన నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, నిజం చెప్పు. గా గోలీతోనేనా?"

"కావచ్చు వదినా. గట్టిగ చెప్పలేం."

"ఇన్నేండ్లు ఆయన నోట గిదే మాట. ఇప్పుడు నువ్వు గూడనా?" అని లోపలికి వెళ్లిపోయింది.

రుజువు లేని వాక్యాన్ని నేను ఇప్పటికీ కొట్టేస్తాను. ఆ విద్య ఆయన పెట్టిందే, వదులుకోను. కానీ అచ్చు వేయడానికి రుజువు కావాలి; డాక్టరు ముందు నోరు విప్పడానికి అనుమానం చాలు. ఊరందరికీ ఆ మాట రాసి పెట్టినవాడు తన దాకా వచ్చేసరికి దాన్ని పాటించలేదు. ఆయన పాడె వెంట నడిచినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇప్పటికీ అంతే.