నాపరాళ్ల కింది నత్త

మా మిరపచేను గుట్ట కిందే ఉంటుంది. గుట్టంతా నాపరాళ్లు, వాటి సందుల్లోంచి లేచిన అడవి చెట్లు. గట్టి వాన కురిస్తే పైనుంచి చేలోకి తెల్లటి నత్తగుల్లలు కొట్టుకొస్తాయి, శనగగింజంతవి. అన్నీ ఖాళీవే. ఇన్ని గుల్లలున్నాయంటే ప్రాణమున్న నత్త ఒక్కటైనా ఎక్కడో ఉండాలిగా? అది నడుస్తుంటే నా కళ్లతో చూడాలి. ఏళ్ల తరబడి నాది ఇదే పిచ్చి.

మొన్న మాఘమాసంలో, కాయ కోతలప్పుడు, అమ్మకు అన్నం, సీసాలో మజ్జిగ, నీళ్లు తీసుకెళ్లాను. తినగానే గుట్టెక్కుదాం రమ్మన్నాను.

"ఊరంతా కోతల్లో ఉంటే దీనికి నత్తలు కావాల్సొచ్చాయి!" అని తిడుతూనే వచ్చింది.

పైపై రాళ్లు ఎత్తితే తేళ్లు తప్ప ఏమీ లేవు. తడి ఎంత లోతుకు పోతే నత్తలూ అంత లోతుకు దిగుతాయేమోనని రెండు బండల సందులో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా కూడా పోలేదు. కూర్చుని తిని లావెక్కిన చెయ్యి మరి! అమ్మ నన్ను పక్కకు నెట్టి, భుజం దాకా దూర్చి, ఆకుమట్టితో సహా ఒక గుల్లను బయటికి లాగింది. దాని నోటికి పల్చటి తెల్లపొర అడ్డంగా ఉంది.

"ఇదీ చచ్చిందే," అన్నాను నీరసంగా.

"చచ్చినదానికి తలుపెందుకే పిచ్చిమొహమా? నీళ్లు పొయ్యి."

అమ్మ అరచేతిలోనే పోశాను. చాలాసేపటికి పొర ఊడి, సన్నటి కొమ్ములు బయటికొచ్చాయి. కేక పెట్టాను. నత్త మెల్లగా ఒళ్లు చాచి అమ్మ చేతిని తాకింది. అంతే, బుసబుసా నురగ కక్కుతూ లోపలికి ముడుచుకుపోయింది.

"ఓరి దేవుడో! కారం చెయ్యి కదే నాది!"

పొద్దుటినుంచీ మిరపకాయలు కోసిన చెయ్యి. ఇద్దరికీ గుర్తే లేదు. కోతల్లో చేతులు మండితే మావాళ్లు రాసుకునే మందు మజ్జిగే. అమ్మ కంగారులో వెంట తెచ్చుకున్న సీసాలో ఉన్నదంతా నత్త మీద గుమ్మరించేసింది.

"అమ్మా, అది నత్తే! కూలిమనిషి కాదు!"

లాక్కుని, నా అరచేతిలో పెట్టుకుని, మిగిలిన నీళ్లతో కడిగాను. ఇన్నేళ్లకు దొరికిన ఒక్కటీ పోతుందేమోనని ఏడుపొచ్చింది. అమ్మ నా చేతి మీదకు వంగి చూస్తూనే ఉంది.

నురగ ఆగింది. కొంచెం కొంచెంగా కొమ్ములొచ్చాయి. నత్త నా అరచేతిలో చల్లగా, తడిగా నడిచింది. ఎంత సంబరపడ్డానో! చూడాల్సినంత చూసి, దాన్ని సందులో వదిలేశాను.

"ఎంత మండిపోయిందో పాపం," అంది అమ్మ.

"నీకు మండదుగా? అలవాటైపోయిందంటావు."

"అలవాటైతే మండడం మానుతుందా?"

మజ్జిగంతా నత్తకే పోయింది. అమ్మ చేతులు ఊదుకుంటూ చేలోకి దిగింది.